వలువ, ఒడలు, కొలత: విక్టోరియా యుగపు గ్రీకు ప్రమాణమూ తెలుగు శిల్పచిత్ర సంప్రదాయమూ

వ్యాససంగ్రహం

19వ శతాబ్దపు బ్రిటిష్ కళాశిక్షణలో వస్త్రం ధరించిన గ్రీకు మూర్తి సౌందర్యానికి కొలమానంగా నిలిచింది. ఆ కొలమానం వలస పాలనతోపాటు భారతదేశపు కళాపాఠశాలలకు చేరింది. అమరావతి, లేపాక్షి వంటి తెలుగు ప్రాంతపు కళాఖండాలకు విలువ కట్టడంలోనూ దాని ప్రభావం కనిపిస్తుంది. వస్త్రచిత్రణ అనే ఒక్క అంశాన్ని ఆధారంగా చేసుకొని రెండు సంప్రదాయాల సౌందర్యదృష్టిని పోల్చడం, దామెర్ల రామారావు చిత్రాల్లోనూ ఆళ్లగడ్డ శిల్పుల వృత్తిలోనూ ఆ రెండు దృష్టులు ఎలా కలిశాయో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: వస్త్రచిత్రణ, అకడమిక్ శైలి, తాళమానం, అమరావతి, లేపాక్షి, దామెర్ల రామారావు, ఆళ్లగడ్డ

1. ఉపోద్ఘాతం

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్న బెలుం గుహలు సున్నపురాతిని నీరు కరిగించగా ఏర్పడ్డాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటిని గుర్తించి నమోదు చేశాడు. ఈ గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రూపాలకూ నేల నుంచి లేచిన రూపాలకూ స్థానికులు కోటిలింగాలు, వేయిపడగలు, ఊడలమర్రి అని పేర్లు పెట్టుకున్నారు. ఐరోపాలో రూపొందిన గుహాశాస్త్ర పరిభాషలో మరో పేరు ఉంది. పైకప్పు వాలు వెంబడి నీరు జారినచోట అలలు తిరిగిన పలుచని సున్నపు పొర ఏర్పడితే దానిని ‘డ్రేపరీ’ అంటారు. వేలాడుతున్న వలువ అని దాని భావం.

రాతిలో ఒకరికి లింగమూ పడగా మర్రిఊడా కనిపిస్తే, మరొకరికి మడతలు పడిన బట్ట కనిపించింది. చూపు కూడా అభ్యాసం వల్ల ఏర్పడేదే. ఏ సమాజమైనా తాను నేర్చుకున్న రూపాలనే ప్రకృతిలో వెతుక్కుంటుంది. సౌందర్య ప్రమాణాల విషయంలోనూ ఇదే జరుగుతుంది. అయితే ఒక సమాజపు అభ్యాసం మరో సమాజపు కళకు తీర్పు చెప్పే అధికారాన్ని పొందినప్పుడు అది చరిత్రగా, పాఠ్యప్రణాళికగా, చివరకు జీవనోపాధిగా పరిణమిస్తుంది. బెలుం గుహలున్న జిల్లాలోనే శిల్పకళకు పేరొందిన ఆళ్లగడ్డ ఉంది. అక్కడి శిల్పులు నేటికీ ఎదుర్కొనే ఒక ప్రశ్నకు మూలం ఈ చరిత్రలో ఉంది.

2. విక్టోరియా యుగంలో గ్రీకు వలువ

ఏథెన్స్‌లోని పార్థినాన్ ఆలయంలో మిగిలిన శిల్పాల్లో సుమారు సగాన్ని లార్డ్ ఎల్గిన్ ఇంగ్లండుకు తరలించగా, 1816లో బ్రిటిష్ పార్లమెంటు వాటిని కొని బ్రిటిష్ మ్యూజియంలో ఉంచింది. ఆలయపు తూర్పు ముఖభాగానికి చెందిన దేవతామూర్తులు తలలు లేకున్నా వారి వలువల మడతలు చూపరులను ఆకట్టుకున్నాయి. తడిసి ఒంటికి అంటినట్లున్న పలుచని బట్ట రొమ్ము, పొట్ట, మోకాలు వంటి ఉబ్బెత్తు భాగాల వద్ద సాఫుగా సాగుతుంది. పల్లపు భాగాల్లో లోతైన ముడతలుగా కుప్పపడుతుంది. ఆ ముడతల నీడలు చూసి లోపలి దేహం ఎటు ఒరిగిందో, బరువు ఏ కాలిపై నిలిచిందో చెప్పవచ్చు. వస్త్రం ఇక్కడ దేహాన్ని కప్పుతూనే దాని నిర్మాణాన్ని వెల్లడిస్తుంది.

లండన్‌లో 1768లో ఏర్పడిన రాయల్ అకాడమీలో విద్యార్థి మొదట ప్రాచీన శిల్పాల ప్లాస్టర్ అచ్చుబొమ్మలను చూసి గీయాలి. అందులో సామర్థ్యం చూపిన తరువాతనే సజీవ నమూనాను చూసి గీసే తరగతికి అర్హత లభించేది. అంటే మనిషిని చూడకముందే మనిషి ఎలా ఉండాలో గ్రీకు బొమ్మ నేర్పేది. అకాడమీ తొలి అధ్యక్షుడు జాషువా రేనాల్డ్స్, ఉన్నత శైలి చిత్రంలో బట్ట ఉన్నిదా పట్టుదా అని తెలియకూడదనీ అది కేవలం వలువగానే ఉండాలనీ బోధించాడు. నేత, అంచు, రంగు మొదలైన స్థానిక విశేషాలు ఆ దృష్టిలో సౌందర్యానికి అడ్డంకులు.

1878లో అకాడమీ అధ్యక్షుడైన ఫ్రెడరిక్ లెయిటన్ చిత్రరచనలో ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరింది. అతడు ముందు నగ్నదేహాన్ని గీసి, తరువాత అదే భంగిమపై వస్త్రాన్ని వేరుగా అధ్యయనం చేసేవాడు. రంగు కాగితంపై నల్లని, తెల్లని సుద్దలతో మడత మడతనూ గీసిన అతని వస్త్ర అధ్యయనాలు అనేకం లభిస్తున్నాయి. 1895లో ప్రదర్శితమైన ‘ఫ్లేమింగ్ జూన్’ చిత్రంలో నిద్రిస్తున్న స్త్రీ దేహమంతా నారింజరంగు వలువ మడతలలోనే వ్యక్తమవుతుంది. అతని సమకాలికుడు ఆల్బర్ట్ మూర్ చిత్రాల్లో కథ దాదాపు ఉండదు. గ్రీకు వలువ ధరించిన స్త్రీలు నిలిచో కూర్చొనో ఉండడమే విషయం.

ఈ వలువకు మరో ప్రయోజనం కూడా ఉండేది. 1885లో ‘బ్రిటిష్ మేట్రన్’ అనే మారుపేరుతో లండన్ టైమ్స్ పత్రికలో నగ్నచిత్రాలను ఖండించే లేఖ వెలువడి పెద్ద వివాదం రేగింది. దానిని రాసినది అకాడమీ సభ్యుడైన జె. సి. హార్స్‌లీ అని ప్రసిద్ధి. దేహసౌందర్యాన్ని ఆరాధించే కళకూ దేహాన్ని దాచాలనే సామాజిక నీతికీ నడుమ గ్రీకు వలువ ఒక రాజీ మార్గమైంది.

ఆ ప్రమాణం అనుకున్నంత ప్రాచీనమూ కాదు. గ్రీకు శిల్పాలకు మొదట రంగులుండేవి. కాలక్రమంలో అవి రాలిపోయాయి. 1868లో లారెన్స్ అల్మా-టడెమా పార్థినాన్ శిల్పాలను రంగులతో చిత్రించాడు కూడా. అయినా పాఠశాలల్లోని తెల్లని ప్లాస్టర్ బొమ్మే ‘శుద్ధ సౌందర్యం’గా నిలిచింది. విక్టోరియా యుగం గ్రీకు కళలో చూసిన శుద్ధత కొంతవరకు తాను కల్పించుకున్నదే.

3. కళాపాఠశాలల ద్వారా భారతదేశానికి

1850లో మద్రాసులో వైద్యుడు అలెగ్జాండర్ హంటర్ కళాపాఠశాలను స్థాపించాడు. 1854లో కలకత్తాలో, 1857లో బొంబాయిలో, 1875లో లాహోరులో కళాపాఠశాలలు వెలిశాయి. వీటి శిక్షణపై లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ ప్రణాళిక ప్రభావం ప్రబలం. రేఖతో మొదలై, అచ్చుపత్రాల నకలు, ప్లాస్టర్ బొమ్మల నీడవెలుగులు, ఆపై మానవమూర్తి అనే మెట్ల వరుసలో ఆ శిక్షణ సాగేది. దేశీయ హస్తకళలను ఉద్ధరించాలన్న లక్ష్యం ఒకవైపు, గ్రీకు అచ్చుబొమ్మతో కన్నును దిద్దాలన్న విధానం మరోవైపు ఉండడంతో ఈ పాఠశాలల్లో మొదటినుంచీ అంతర్గత వైరుధ్యం ఏర్పడింది.

ఈ పాఠశాలల్లో చదవకుండానే రాజా రవివర్మ (1848–1906) అకడమిక్ తైలవర్ణ విధానాన్ని స్వాధీనం చేసుకున్నాడు. అతడు గ్రీకు వలువ స్థానంలో చీరను నిలిపాడు. కుచ్చిళ్ల బరువు, పైటచెంగు జారు, జరీ అంచు మెరుపు అతని చిత్రాల్లో దేవతలకు దేహభారాన్ని ఇచ్చాయి. 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం ద్వారా ఆ లక్ష్మీ సరస్వతులు తెలుగువారి పూజామందిరాలకు కూడా చేరారు. బట్ట ఏ నేతదో తెలియకూడదన్న రేనాల్డ్స్ సూత్రానికి రవివర్మ చీర పూర్తి విరుద్ధం. కానీ మడతల నీడలతో దేహాన్ని నిర్మించే పద్ధతి మాత్రం అకాడమీదే. ప్రమాణం ఒక దేశం నుంచి మరో దేశానికి వచ్చినప్పుడు వస్తువు మారినా చూపు మిగిలిపోతుందనడానికి ఇది నిదర్శనం.

4. అమరావతి: గ్రీకు కొలతకు నిలిచిన తెలుగు శిల్పం

గుంటూరు ప్రాంతపు అమరావతి స్తూపంలో 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాలు జరిపాడు. అక్కడి పాలరాతి వంటి సున్నపురాతి ఫలకాలు మద్రాసుకూ, ఆపై 1859లో లండన్‌కూ తరలిపోయాయి. వాటిని లండన్‌లో పరిశీలించిన జేమ్స్ ఫెర్గూసన్ 1868లో ‘ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్’ గ్రంథంలో వెల్లడించాడు. అమరావతిని భారతీయ శిల్పకళకు ఉన్నతదశగా అతడు గుర్తించాడు. అయితే ఆ ఔన్నత్యానికి కారణాల్లో గ్రీకు-బాక్ట్రియా ప్రభావం ఒకటని భావించాడు. ప్రశంసలోనే పరాధీనత ఇమిడి ఉంది. తెలుగు శిల్పి గొప్పవాడైతే అందుకు గ్రీకు గురువు ఉండి తీరాలన్నది ఆనాటి పండితుల సాధారణ తర్కం.

వస్త్రచిత్రణను గమనిస్తే ఆ తర్కం పరిమితి స్పష్టమవుతుంది. నేటి పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్ ప్రాంతాల్లో వర్ధిల్లిన గాంధార శైలి బుద్ధుడి సంఘాటి రోమన్ టోగాను పోలి, బరువైన మడతలతో భుజాలను కప్పుతుంది. అమరావతి బుద్ధుడి కుడిభుజం నగ్నంగా ఉంటుంది. వస్త్రంపై సమాంతరంగా వంపుతిరిగిన గీతలు లయబద్ధంగా దిగివస్తాయి. ఎడమవైపు కొస పాదాల వద్ద మందమైన మడతగా తిరుగుతుంది. గాంధారంలో మడత నీడను పుట్టిస్తుంది. అమరావతిలో మడత గీతగా ప్రవహిస్తుంది.

స్త్రీమూర్తుల్లో ఈ భేదం మరింత స్పష్టం. అమరావతి ఫలకాల్లో స్త్రీల కటివస్త్రం అతి సన్నం. కాళ్ల నడుమ వేలాడే కుచ్చు, చీలమండల వద్ద సన్నని అంచురేఖ, నడుముపై మేఖల మాత్రమే వస్త్రం ఉనికిని తెలుపుతాయి. 19వ శతాబ్దపు ఐరోపా పరిశీలకులకు ఇది నగ్నతగా కనిపించింది. పార్థినాన్ దేవత ఒంటికి అంటిన బట్టలో ఔన్నత్యాన్ని చూసిన కన్నే, అమరావతి స్త్రీ ఒంటికి అంటిన బట్టను చూడలేకపోయింది. అక్కడ వస్త్రానికి సాక్ష్యం ముడత. ఇక్కడ సాక్ష్యం అంచు. ముడతను వెతకడమే నేర్చిన కన్ను అంచును చదవలేదు.

5. లేపాక్షి: మడత కాదు, అల్లిక

శ్రీసత్యసాయి జిల్లా లేపాక్షిలోని వీరభద్రాలయ పైకప్పు చిత్రాలు 16వ శతాబ్దికి, విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలానికి చెందినవి. ఇక్కడి స్త్రీపురుషుల చీరలు, ఉత్తరీయాలు, కుళ్లాయిలు గళ్లు, చారలు, పూవులు, లతలతో నిండి ఉంటాయి. దేహం వంగినచోట గళ్లు వంగవు. నీడ దాదాపు ఉండదు. కొంగు కొసలు గాలికి నిలిచినట్లు కోసుగా బయటికి పొడుచుకువస్తాయి.

అకడమిక్ దృష్టికి ఇది లోపం. దేహపు గుండ్రదనాన్ని బట్ట చెప్పడంలేదు కనుక. కానీ లేపాక్షి చిత్రకారుడు వస్త్రాన్ని దేహానికి సేవకురాలిగా చూడలేదు. నేతకు స్వతంత్రమైన అందం ఉందని భావించాడు. ధరించినవారి హోదా, వేడుక, కాలపు అభిరుచి ఆ అల్లికలో తెలుస్తాయి. అందుచేతనే లేపాక్షి వస్త్రాకృతులు నేటికీ చీరల రూపకల్పనకు ఆధారమవుతున్నాయి. బట్ట బట్టగానే మిగలాలన్న రేనాల్డ్స్ సూత్రం ప్రకారం గీసిన వలువ నుంచి ఒక్క చీరను కూడా తిరిగి నేయడం సాధ్యం కాదు.

6. కొలతల్లో సామ్యం

గ్రీకు మూర్తి ప్రకృతిసహజమనీ, భారతీయ మూర్తి శాస్త్రకల్పితమనీ విక్టోరియా యుగంలో స్థిరపడిన మరో అభిప్రాయం. కొలతలను పోల్చి చూస్తే ఇది నిలవదు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దికి చెందిన రోమన్ వాస్తుపండితుడు విట్రూవియస్ ప్రకారం గడ్డం నుంచి నుదుటి పైభాగం వరకు ఉండే ముఖం మనిషి ఎత్తులో పదోవంతు. మణికట్టు నుంచి నడిమివేలి కొస వరకు ఉండే అరచేయి కూడా అంతే. భారతీయ శిల్పశాస్త్రంలో తాళం అనే కొలతకు ఆధారం కూడా ముఖప్రమాణమూ అరచేతి నిడివీ. తాళానికి 12 అంగుళాలు. నవతాళ మూర్తి ఎత్తు 108 అంగుళాలు. ఉత్తమ దశతాళ మూర్తికి 124 అంగుళాలు.

రెండు సంప్రదాయాలూ ముఖాన్నీ అరచేతినీ కొలతగా తీసుకొని, సాధారణ దేహానికి అతీతమైన ఆదర్శ దేహాన్ని నిర్మించాయి. భేదం ఆ తరువాత వస్తుంది. గ్రీకు శిల్పి ఆదర్శదేహానికి కండరాలను, ఎముకలను సాక్ష్యంగా చూపాడు. భారతీయ శిల్పి ప్రకృతిలోని ఉపమానాలను చూపాడు. అబనీంద్రనాథ్ ఠాగూర్ 1914లో వెలువరించిన భారతీయ కళాశరీర నిర్మాణ వ్యాసంలో సింహమధ్యం, ఏనుగుతొండం వంటి భుజం, చేప వంటి కన్ను మొదలైనవి కవుల అలంకారాలు మాత్రమే కావనీ శిల్పులకు ఆకృతి సూత్రాలనీ సోదాహరణంగా నిరూపించాడు.

ఈ అవగాహన రావడానికి ముందు తీవ్రమైన ఘర్షణ జరిగింది. మద్రాసు కళాపాఠశాలలో 1884 నుంచి పనిచేసి, 1896లో కలకత్తా పాఠశాల బాధ్యతలు చేపట్టిన ఇ. బి. హావెల్, గ్రీకు అచ్చుబొమ్మల ప్రాధాన్యాన్ని తగ్గించి భారతీయ కళాఖండాలను పాఠ్యాంశాలుగా చేశాడు. దీనిని వ్యతిరేకించినవారిలో భారతీయ విద్యార్థులే ఉన్నారు. కొందరు పాఠశాలను విడిచి వెళ్లారు. పాలకుల కొలతనే నేర్చుకోవడం తమ హక్కుగా వారు భావించారు. 1910లో లండన్ సభలో జార్జ్ బర్డ్‌వుడ్ ఒక జావా బుద్ధమూర్తిని ఉడికించిన పిండివంటతో పోల్చి పరిహసించినప్పుడు, విలియం రోథెన్‌స్టైన్ తదితర కళాకారులు, విమర్శకులు 13 మంది టైమ్స్ పత్రికలో నిరసన లేఖ ప్రకటించారు. ఆ ఏడాదే ఇండియా సొసైటీ ఏర్పడింది.

7. దామెర్ల రామారావు: ఎంపిక చేసుకున్న చిత్రకారుడు

ఈ వాదోపవాదాలు సాగుతున్న కాలంలోనే రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు (1897–1925) పెరిగాడు. స్థానిక కళాశాల ప్రిన్సిపాల్, చిత్రకారుడు ఆస్వాల్డ్ కూల్డ్రే అతని ప్రతిభను గుర్తించి బొంబాయి జె. జె. కళాపాఠశాలలో చేరేందుకు తోడ్పడ్డాడు. 1916 నుంచి 1920 వరకు రామారావు అక్కడ విద్యార్థి. ప్లాస్టర్ బొమ్మ నుంచి మానవమూర్తి వరకు సాగే అకడమిక్ శిక్షణకు అది కేంద్రం. రాయల్ అకాడమీలో శిక్షణ పొందిన గ్లాడ్‌స్టోన్ సాలమన్ సజీవ నమూనాల తరగతికి అక్కడ ప్రాధాన్యం కల్పించిన సంవత్సరాలు కూడా అవే.

రామారావు దేహనిర్మాణ జ్ఞానాన్ని త్యజించలేదు. అతని మానవమూర్తి అధ్యయనాలు అందుకు సాక్ష్యం. బెంగాలు శైలి అనుయాయుల్లో కనిపించే మసక వాతావరణాన్నీ అతడు స్వీకరించలేదు. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’, ‘ఋష్యశృంగ బంధనం’ వంటి నీటిరంగుల చిత్రాల్లో దేహం బరువు తెలిసి నిలబడుతుంది, కానీ ఆ బరువును మోసేది నీడ కాదు, రేఖ. వలువ ఒంటిని అనుసరిస్తూ కొద్దిపాటి గీతలతో ముగుస్తుంది. అంచు, ఆభరణం, కొప్పు తమ ప్రాధాన్యాన్ని నిలుపుకొంటాయి. లండన్ పద్ధతి ఇచ్చిన దేహమూ, అజంతా నేర్పిన రేఖా, గోదావరి తీరపు స్త్రీల కట్టూబొట్టూ ఒకే చిత్రంలో ఇమిడాయి.

1925 ఫిబ్రవరి 6న మశూచి వ్యాధితో అతడు మరణించే నాటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. అతడు స్థాపించిన చిత్రకళాశాల సంప్రదాయాన్ని మిత్రుడు వరదా వెంకటరత్నం ప్రభృతులు కొనసాగించారు. రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు స్మారక చిత్రశాలలో అతని చిత్రాలు నేటికీ చూడవచ్చు. రెండు ప్రమాణాల నడుమ నలిగిపోకుండా రెండింటినీ పరికరాలుగా వాడుకోవచ్చని అతని స్వల్పజీవితం నిరూపించింది.

8. ఆళ్లగడ్డ: ఒకే ఉలి, రెండు న్యాయాలు

దామెర్ల ఎదుర్కొన్న ప్రశ్న చిత్రశాలతో ముగియలేదు. కర్నూలు-కడప రహదారిపై, అహోబిల క్షేత్రానికి చేరువలో ఉన్న ఆళ్లగడ్డ శిల్పశాలల్లో అది నిత్యవ్యవహారం. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ శిల్పకళలో రెండు తరహాల పని సాగుతుంది. ఒకటి ఆలయాలకు దేవతామూర్తులు, రెండు కూడళ్లలో నిలిపే నాయకుల, ప్రముఖుల ప్రతిమలు.

దేవతామూర్తికి ధ్యానశ్లోకం, తాళమానం ఆధారాలు. పంచె కుచ్చిళ్లు సమాన దూరంలో, ఇరువైపులా సమతూకంగా దిగుతాయి. కటిసూత్రం, ఉత్తరీయపు కొసలు శాస్త్రం చెప్పిన స్థానాల్లో ఉంటాయి. గాలికీ బరువుకీ అక్కడ ప్రవేశం లేదు. మూర్తి నిలిచేది కాలాతీతమైన స్థితిలో గనుక. నాయకుడి ప్రతిమకు ఆధారం ఛాయాచిత్రం. భుజాన కండువా ఒకవైపు జారాలి. మోచేయి మడిచినచోట చొక్కాకు ముడతలు పడాలి. పంచె అడుగు వేసిన కాలికి ఆనాలి. ఎరిగినవారు చూసి ‘అచ్చం ఆయనే’ అనాలి. ఈ రెండో పని, శిల్పికి ఆ పేరు తెలిసినా తెలియకపోయినా, విక్టోరియా యుగపు స్మారక ప్రతిమల వారసత్వం.

చిక్కు చూపరి తీర్పులో ఉంది. ప్రతిమను చూసే కన్నుతో మూర్తిని చూసి ‘సహజంగా లేదు’ అనేవారున్నారు. మూర్తిని చూసే కన్నుతో ప్రతిమను చూసి ‘కళ లేదు’ అనేవారున్నారు. మొదటి తీర్పు ఫెర్గూసన్ కాలపు పండితుల దృష్టికి కొనసాగింపే. ఒకే శిల్పి ఒకే ఉలితో ఉదయం కుచ్చిళ్లను గీతలుగా, సాయంత్రం కండువాను ముడతలుగా చెక్కగలగడం శాస్త్రజ్ఞానం కొరవడడం కాదు, రెండు శాస్త్రాలు తెలియడం. ఈ ద్విభాషా నైపుణ్యాన్ని గుర్తించే విమర్శ పరిభాష లేనంతకాలం ఆ పనికి తగిన విలువ దక్కదు.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. విక్టోరియా యుగపు వస్త్రధారిత గ్రీకు మూర్తి ప్రకృతికి నకలు కాదు. శిక్షణ, నీతి, రంగు వెలిసిన పాలరాతిపై ఆరాధన కలిసి నిర్మించిన ఆదర్శం.

2. అమరావతిలో వస్త్రం అంచురేఖగా, లేపాక్షిలో అల్లికగా, అకడమిక్ చిత్రంలో ముడతగా వ్యక్తమవుతుంది. ఒకదానికి ఉన్న సాక్ష్యాన్ని మరొకదానిలో వెతికితే అది లోపంగానే కనిపిస్తుంది.

3. ముఖమూ అరచేయీ ఆధారంగా ఆదర్శదేహాన్ని కొలవడంలో విట్రూవియస్‌కూ తాళమానానికీ సామ్యం ఉంది. కనుక ‘సహజం–కల్పితం’ అనే విభజన సమంజసం కాదు.

4. దామెర్ల రామారావు రెండు ప్రమాణాలను నేర్చి, తనకు కావలసినది ఎంచుకున్నాడు. ఆళ్లగడ్డ శిల్పులు పనిని బట్టి రెండింటినీ వేర్వేరుగా పాటిస్తున్నారు.

బెలుం గుహలోని రాయి పడగా కాదు, వలువా కాదు. అది సున్నపురాయి. పేరు పెట్టేది చూపు. శిల్పం మాత్రం రాయి వంటిది కాదు. దానిని చెక్కినవారి ఉద్దేశం అందులో ఉంది. ఆ ఉద్దేశాన్ని ముందు తెలుసుకొని, దానికి తగిన కొలతతో కొలవడమే విమర్శకుని బాధ్యత.